ఎకరా నేల మీద ఎన్ని ఎకరాల ఆకు?

ఫిబ్రవరిలో కోవూరు, విడవలూరు వైపు పెన్నా కాలువల కింద వరి పొట్ట దశ దాటి వెన్ను తీసే సమయానికి గట్టు మీద నిలబడి చూస్తే మడిలో నేల గాని నీరు గాని కంటికి ఆనదు. అక్కడి నుంచి గూడూరు, పొదలకూరు ప్రాంతపు నిమ్మతోటల్లోకి వెళితే చెట్టుకూ చెట్టుకూ మధ్య నేల ఎండలో మెరుస్తూనే ఉంటుంది గాని, ఏదైనా ఒక చెట్టు కిందికి వంగి చూస్తే నీడ చిక్కగా, దాదాపు చీకటిగా ఉంటుంది. ఇక ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల జామాయిల్ తోటలో పైన కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నా కింద ఎండ చారలు చారలుగా పడుతూనే ఉంటుంది. ఈ మూడింటినీ మనం "పచ్చగా ఉంది" అనే ఒక్క మాటతో చెప్పేస్తాం. రోజువారీ మాటల్లో దానివల్ల వచ్చే నష్టం లేదు. అయితే పంటకు నీరెంత కావాలి, పురుగు తిన్న ఆకు వల్ల దిగుబడి ఎంత తగ్గుతుంది, జిల్లాలో అడవి పెరిగిందా తరిగిందా అని లెక్క వేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ ఒక్క మాట చాలదు. అందులో కనీసం రెండు వేర్వేరు కొలతలు దాగి ఉన్నాయి. వాటిని విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది కప్పు. పై నుంచి నిటారుగా కిందికి చూసినప్పుడు ఆకుల చాటున ఎంత శాతం నేల మరుగుపడింది అన్నది ఇది. సున్నా నుంచి 100 శాతం దాకా మాత్రమే ఉంటుంది, అంతకు మించి పోదు. రెండోది ఆకు పరిమాణం. ఒక చదరపు మీటరు నేల మీద నిలబడి ఉన్న ఆకులన్నిటినీ తుంచి, ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన పరిస్తే ఎన్ని చదరపు మీటర్లు వస్తాయో అదే ఈ రెండో కొలత. దీన్ని పత్ర వైశాల్య సూచిక అంటారు. 1947లో డి. జె. వాట్సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పంటల దిగుబడుల్లోని తేడాలకు కారణం వెతుకుతూ దీనికి నిర్వచనం ఇచ్చాడు. చదరపు మీటరును చదరపు మీటరుతో భాగిస్తాం కనుక దీనికి ప్రమాణం ఉండదు, వట్టి సంఖ్య. పై హద్దు కూడా కప్పుకు ఉన్నట్టు 100 దగ్గర ఆగిపోయేది కాదు. నేల పూర్తిగా కనుమరుగైన మడిలో సూచిక 3 కావచ్చు, 7 కావచ్చు. కప్పు మాత్రం రెండు చోట్లా నూటికి నూరుకు దగ్గరగానే ఉంటుంది. గందరగోళమంతా మొదలయ్యేది ఇక్కడే.

ఆకు వైశాల్యం అనగానే ఒక వైపు కొలవాలా, రెండు వైపులా కొలవాలా అనే ప్రశ్న వస్తుంది. వరి, పొగాకు, నిమ్మ వంటి పలుచని ఆకులకు ఒక వైపు కొలిస్తే చాలునని వాట్సన్ నిర్వచనం చెబుతుంది. మన తీరం వెంట ఇసుక నేలల్లో పెరిగే సర్వి చెట్టు దగ్గర ఆ నిర్వచనం తడబడుతుంది. సర్వి చెట్టుకు సూదుల్లా వేలాడేవి నిజానికి ఆకులు కావు, పచ్చని సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర పళ్ల వరుసలా, కంటికి ఆనీ ఆననంత చిన్న పొలుసులుగా ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియ ప్రధానంగా ఆ రెమ్మలే చేస్తాయి కనుక వాటిని వదిలేసి పొలుసులను మాత్రమే కొలిస్తే చెట్టుకు ఆకే లేదని తేలుతుంది. గుండ్రని సూదికి "ఒక వైపు" అనేదీ ఉండదు. ఈ చిక్కును తీర్చడానికి 1992లో చెన్, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మొత్తం ఉపరితలంలో సగం తీసుకోవాలని ప్రతిపాదించారు. పలుచని ఆకుకు సగం అంటే ఒక వైపే కనుక పాత లెక్క చెడదు, సూదులకూ ఒక అర్థం ఏర్పడుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఈ నిర్వచనమే.

ఇక చేతితో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఎంత పెద్ద పరికరమైనా చివరికి ఈ చేతి లెక్కతోనే సరిపోల్చుకోవాలి. వరిని 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు 33 దుబ్బులు పడతాయి. దుబ్బుకు 12 పిలకలు, పిలకకు పచ్చగా ఉన్న ఆకులు 4 అనుకుందాం. ఆకు సగటున 32 సెంటీమీటర్ల పొడవు, నడిమి భాగంలో 1.25 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, రెంటినీ గుణించగా 40 వస్తుంది. కానీ వరి ఆకు దీర్ఘచతురస్రం కాదు, కొనకు పోను పోను సన్నబడుతుంది. అందువల్ల ఆ గుణకారాన్ని 0.75తో తగ్గించడం వరి శాస్త్రవేత్తలు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. అలా చేస్తే ఒక్కో ఆకు 30 చదరపు సెంటీమీటర్లు. దుబ్బుకు 48 ఆకులు, 1,440 చదరపు సెంటీమీటర్లు. 33 దుబ్బులకు 47,520 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరు నేల మీద నాలుగు ముప్పావు చదరపు మీటర్ల ఆకు. నెల్లూరు వాళ్లకు తెలిసిన కొలతలో చెప్పాలంటే 72 చదరపు అడుగుల అంకణం మీద 342 చదరపు అడుగుల ఆకు నిలబడి ఉంది. ఎకరా మడిలో నాలుగు ముప్పావు ఎకరాల ఆకు ఉన్నట్టే.

అయితే ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి ఉంటే నేలలో దాదాపు 9 శాతం ఖాళీ. దాన్ని కలిపి లెక్క వేస్తే సూచిక 4.3కి దిగుతుంది. ఒత్తుగా ఉన్న చోటే చట్రం వేసి కొలిచి, ఆ అంకెను మడి మొత్తానికి అంటగట్టడం ఈ పనిలో అందరూ చేసే మొదటి పొరపాటు. ఎక్కడ కొలవాలో చూపుతో ఎంచుకోకూడదు, ముందే ఇన్ని అడుగులకు ఒకటి అని నిర్ణయించుకుని, కాలిబాట వచ్చినా అక్కడే కొలవాలి.

ఈ కోసి కొలిచే పద్ధతి పంటకు సరిపోతుంది గాని చెట్టుకు, అడవికి పనికిరాదు. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమలలో నల్లమద్ది, చిరుమాను, వేగిస వంటి చెట్లు వేసవికి ముందు ఆకు రాల్చేస్తాయి కనుక అటువంటి ఆకురాల్చు అడవిలో మరో దారి ఉంది. నేల నుంచి కాస్త ఎత్తున, వైశాల్యం తెలిసిన వల బుట్టలు కట్టి, రాలిన ఆకును కుళ్లిపోకముందే ఎప్పటికప్పుడు ఏరి, ఎండబెట్టి తూచాలి. గ్రాము ఎండుటాకుకు ఎంత పచ్చి ఆకు వైశాల్యమో కొన్ని నమూనాలతో ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు చదరపు మీటరుకు సీజన్ మొత్తంలో 400 గ్రాముల ఆకు రాలి, గ్రాముకు 100 చదరపు సెంటీమీటర్లు లెక్క వస్తే ఆ ఏటి అత్యధిక సూచిక 4 అన్నమాట. చెట్టును ముట్టుకోనక్కరలేదు. కానీ ఏడాది పొడవునా ఆకు రాల్చుతూ, చిగురిస్తూ ఉండే శ్రీహరికోట వంటి సతతహరిత అడవిలో ఈ లెక్క కుదరదు, ఎందుకంటే అక్కడ ఒక ఏడాది రాలిన ఆకు ఒకే సమయంలో చెట్టు మీద ఉన్న ఆకు కాదు.

కాబట్టి ఆకును తాకకుండా కొలవాలంటే ఆకు చేసే పనిని పట్టుకోవాలి. ఆకు చేసే మొదటి పని వెలుతురును ఆపడం.

1953లో మాసామి మోన్సీ, తోషిరో సాయెకి అనే జపాను శాస్త్రవేత్తలు ఆకుపందిరిలో వెలుతురు ఎలా తగ్గుతుందో సూత్రీకరించారు. వారి సూత్రంలోని ఆలోచన సులువైనది. పందిరిని పలుచని పొరలుగా ఊహించుకుంటే ప్రతి పొరా తనకు చేరిన వెలుతురులో ఒకే నిష్పత్తిని ఆపుతుంది, మిగిలింది కింది పొరకు వెళుతుంది. పైన వంద పాళ్లు పడి మొదటి పొర నలభై ఆపితే అరవై మిగులుతాయి, రెండో పొర ఆ అరవైలో నలభై శాతం, అంటే ఇరవై నాలుగు ఆపుతుంది, మూడోదానికి మిగిలేది ముప్పై ఆరే. ఆ ఆపే నిష్పత్తిని నిర్ణయించేది క్షీణతా గుణకం. ఆకులు నిటారుగా నిలబడే పంటల్లో అది 0.3 నుంచి 0.5 దాకా, పళ్లెంలా పరుచుకునే ఆకులు ఉన్న వాటిలో 0.7 నుంచి 1 దాకా ఉంటుంది.

ఈ గుణకం ఎంత తేడా తెస్తుందో చూడండి. రెండు పంటల్లోనూ సూచిక 5 అనుకుందాం. గుణకం 0.4 అయిన నిటారు ఆకుల పంటలో నేలకు చేరే వెలుతురు 13.5 శాతం. గుణకం 0.7 అయిన పరుపు ఆకుల పంటలో 3 శాతమే. రెంటిలోనూ ఉన్నది అంతే ఆకు, కానీ రెండో దానిలో అడుగు ఆకులు ఆకలితో ఉంటాయి, పై ఆకులు మాత్రం తాము వాడుకోగలిగినదాని కన్నా ఎక్కువ ఎండ తాగుతుంటాయి. ఆకు ఒక స్థాయి దాటిన తరువాత ఎంత ఎండ పడినా అదనంగా ఆహారం తయారు చేయలేదు. అందుకే ఎండను కింది అంతస్తులకు పంచిపెట్టే నిటారు ఆకు వరికి మేలు. 1966లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్ 8 రకం పొట్టితనంతో పాటు ఈ నిటారు ఆకు గుణాన్నీ తెచ్చింది. పడిపోని పొట్టి కాండం గురించి ఎక్కువగా చెప్పుకుంటాం గాని, ఆకు వాలును గురించి చెప్పుకునేది తక్కువ. నా దృష్టిలో రెంటికీ సమానమైన ప్రాధాన్యం ఇవ్వాలి. పడే వెలుతురులో 95 శాతం పట్టుకోవడానికి గుణకం 0.7 అయితే సూచిక 4.3 చాలు, 0.4 అయితే 7.5 కావాలి. అంటే నిటారు ఆకుల పంట ఎక్కువ ఆకును మోయగలదు, మోసి దానితో పని చేయించగలదు.

జామాయిల్ తోటలో ఎండ చారలు ఎందుకు పడుతున్నాయో కూడా ఇప్పుడు తెలుస్తుంది. ముదురు జామాయిల్ ఆకు కొమ్మ నుంచి కిందికి, అంచు ఆకాశానికి చూపుతూ వేలాడుతుంది. నడినెత్తి ఎండకు దాని పలుచని అంచే ఎదురవుతుంది. ఆకు తక్కువ ఉన్నందువల్ల కాదు, ఉన్న ఆకు అలా వేలాడుతున్నందువల్ల కింద ఎండ.

ఈ సూత్రాన్ని తిరగేస్తే కొలిచే పద్ధతి వస్తుంది. పందిరి పైన ఎంత వెలుతురు ఉందో, కింద ఎంత ఉందో కొలిచి, నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసి గుణకంతో భాగిస్తే సూచిక దొరుకుతుంది. కానీ గుణకం ఆకుల వాలు మీద ఆధారపడుతుంది, ఆ వాలు మనకు తెలియదు. ఒక సమీకరణం, రెండు తెలియని అంశాలు. ఇక్కడ జ్యామితి ఒక మంచి దారి చూపింది. నిలువు గీతకు 57.5 డిగ్రీల వాలులో చూసినప్పుడు ఆకులు నిటారుగా ఉన్నా, పడుకుని ఉన్నా, ఎటు పడితే అటు ఉన్నా చూపుకు అడ్డుపడే పాలు దాదాపు ఒకటే, సుమారు సగం. కనుక ఆ ఒక్క కోణంలో ఆకుల వాలు గురించిన ప్రశ్న తప్పిపోతుంది. ఆ కోణంలో పందిరిలోకి చూసినప్పుడు ఎంత భాగం ఖాళీగా కనబడిందో తెలుసుకుని, దాని సహజ సంవర్గమానాన్ని, గుర్తు మార్చి, 1.075తో గుణిస్తే సూచిక వస్తుంది. ఖాళీ 20 శాతం అయితే సూచిక 1.73, ఖాళీ 5 శాతం అయితే 3.2.

ఫోనులో వాలు చూపే సదుపాయం ఉన్నవారు ఎవరైనా ఈ పని చేయవచ్చు. కెమెరాను పంటకు పైన పట్టుకుని, నిటారుగా కిందికి కాకుండా 57.5 డిగ్రీలు వాల్చి చిత్రం తీసి, అందులో పచ్చని చుక్కలు ఎన్ని, మిగిలినవి ఎన్ని అని లెక్కించాలి. చిత్రం మొత్తాన్ని కాక మధ్య భాగాన్నే తీసుకోవాలి, ఎందుకంటే అంచుల్లో కోణం మారిపోతుంది. మబ్బు పట్టిన వేళ గాని, ఎండ వాలిన తరువాత గాని తీస్తే నీడ మచ్చలు మోసం చేయవు.

పరికరాల చరిత్ర పెద్దది, దాన్ని ఇక్కడ క్లుప్తంగా దాటిపోతాను. 1933లో న్యూజిలాండ్‌లో లెవీ, మాడెన్ అనే వారు పచ్చిక బయళ్లలో సూదులు గుచ్చి ఎన్ని ఆకులకు తగిలిందో లెక్కించే పద్ధతి చెప్పారు. తరువాత వారెన్ విల్సన్ ఆ సూదిని వాల్చి గుచ్చితే ఆకుల వాలు వల్ల వచ్చే దోషం తగ్గుతుందని నిరూపించాడు. 1924లో రాబిన్ హిల్ మబ్బులను చిత్రించడానికి తయారు చేసిన, ఆకాశమంతటినీ ఒకే చిత్రంలో పట్టే చేపకన్ను కటకాన్ని 1959లో ఇవాన్స్, కూంబ్ అడవిలో నేల నుంచి ఆకాశానికి తిప్పి పెట్టారు. ఈనాడు పరిశోధకులు మోసుకెళ్లే కటకపు పరికరాలన్నీ ఆ ఆలోచనకు వారసులే. వాటన్నిటిలోనూ ఉన్నది ఒకటే: పందిరిలో ఖాళీని కొలిచి, దాని నుంచి ఆకును ఊహించడం.

ఆ ఊహలో ఒక పెద్ద షరతు ఉంది. ఆకులు ఎటుపడితే అటు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, చల్లినట్టు పరుచుకుని ఉండాలి. వెదజల్లిన వరిలో ఇది కొంతవరకు నిజం. నిమ్మతోటలో అస్సలు నిజం కాదు.

గూడూరు నిమ్మతోటను తీసుకుందాం. నేలలో సరిగ్గా సగం చెట్ల గుబుర్ల కింద, సగం ఖాళీ అనుకుందాం. గుబురు కింద సూచిక 5, గుణకం 0.5 అనుకుంటే, తోట మొత్తానికి నిజమైన సూచిక 2.5. ఇప్పుడు పరికరం ఏమి చెబుతుందో చూద్దాం. ఖాళీ సగంలో వెలుతురు మొత్తం దిగుతుంది, అది 50 శాతం. గుబురు కింద 8 శాతం దిగుతుంది, దానిలో సగం 4. మొత్తం 54 శాతం. ఈ 54 శాతాన్ని పట్టుకుని, ఆకులు చల్లినట్టు ఉన్నాయని అనుకుంటూ లెక్క వేస్తే సూచిక 1.23 అని వస్తుంది. ఉన్న ఆకులో సగం కనబడకుండా పోయింది! పరికరంలో లోపం లేదు, గుణకారంలో తప్పు లేదు, తప్పంతా ఆకులు చల్లినట్టు ఉన్నాయన్న ఊహలో ఉంది. ఆకులు ఒకదాని చాటున ఒకటి దాక్కున్నప్పుడు వెలుతురుకు ఒక ఆకు అడ్డుపడినా, పది ఆకులు అడ్డుపడినా నీడ ఒకటే. ఇలా ఊహించిన సూచికకూ నిజమైన సూచికకూ మధ్య నిష్పత్తిని గుబురు సూచిక అందాం. ఆకులు చల్లినట్టు ఉంటే అది 1, గుబురుగా ఉన్నకొద్దీ తగ్గుతుంది. మన నిమ్మతోటలో 0.49 వచ్చింది. 1971లో నిల్సన్ అనే ఎస్టోనియా శాస్త్రవేత్త ఈ దిద్దుబాటుకు గణిత పునాది వేశాడు. తోటల గురించి, తుప్పల గురించి ఎవరైనా పత్ర వైశాల్య సూచిక చెబితే, ఈ దిద్దుబాటు చేశారా లేదా అన్నది తెలియకుండా ఆ అంకెను వాడకూడదు. చిల్లచెట్ల బీడుల్లోనూ ఇదే గతి: చెట్లు గుంపులుగా, గుంపుల్లో కొమ్మలు గుంపులుగా, కొమ్మల మీద చిట్టి ఆకులు మళ్లీ గుంపులుగా ఉంటాయి.

కప్పును మాత్రం కొలవడానికి మన ప్రాంతానికి ప్రకృతి ఒక సౌకర్యం ఇచ్చింది, దాన్ని చెప్పకుండా ఉండలేను. నెల్లూరు ఉత్తర అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు కనుక ఏప్రిల్ నెలాఖరులోనూ ఆగస్టు రెండో వారంలోనూ రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 గంటలు దాటిన ఐదు నుంచి పదిహేను నిమిషాల ప్రాంతంలో చెట్టు నీడ చెట్టు నిట్టనిలువు కొలతకు నకలు. నేల మీద టేపు పరిచి, ఎంత పొడవు నీడలో ఉంది, ఎంత ఎండలో ఉంది అని కొలిస్తే అదే కప్పు శాతం. మరే పరికరమూ అక్కరలేదు. అయితే ఎత్తైన చింతచెట్టు కింద ఈ పని చేస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని పది మీటర్ల ఎత్తులో ఉన్న ఖాళీ తొమ్మిది సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే నేల మీద దాని ఆకారం పడదు, మసకగా సూర్యుడి ఆకారమే పడుతుంది. చింతచెట్టు నీడలో కనిపించే గుండ్రని వెలుగు బిళ్లలు ఖాళీల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. గ్రహణం రోజున అవే నెలవంకల్లా మారతాయి. వాటి అంచులను పట్టుకుని ఖాళీని కొలవాలనుకుంటే తప్పు వస్తుంది.

జిల్లా అంతటినీ కొలవాలంటే నేల మీది టేపులు, కటకాలు చాలవు, ఆకాశం నుంచి చూడాలి. ఉపగ్రహం చూసేది ఆకును కాదు, ఆకు నుంచి తిరిగి వచ్చే వెలుతురును. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పత్రహరితంతో పీల్చుకుంటుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తన లోపలి గాలి గదుల్లో చెదరగొట్టి వెనక్కి పంపుతుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చేది ఎన్‌డీవీఐ. పచ్చదనపు పటాలని మనం చూసేవి చాలావరకు దీనితో గీసినవే. లేత మడి ఎరుపులో 8 శాతం, పరారుణంలో 24 శాతం తిప్పి పంపితే ఎన్‌డీవీఐ 0.5. పెరిగిన మడి 4 శాతం, 40 శాతం పంపితే 0.82. ఇంకా చిక్కబడి 3 శాతం, 45 శాతం అయితే 0.875. చివరి రెంటికీ మధ్య మడిలో ఆకు రెట్టింపు అయి ఉండవచ్చు గాని అంకె మాత్రం కదిలీ కదలనట్టు ఉంటుంది. సూచిక సుమారు 3 దాటాక ఎన్‌డీవీఐ ఇలా మొద్దుబారిపోతుంది. ఒక్క మాటలో, అది ఆకును కాక కప్పును చూపడానికే బాగా పనికొస్తుంది. నేల కనుమరుగైన తరువాత దానికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. దీనికితోడు నేల రంగు కూడా అంకెను అటూ ఇటూ లాగుతుంది. తడిసిన నల్లరేగడి మీది లేత శనగకూ, ఎర్రనేల మీది లేత కందికీ ఒకే ఆకు ఉన్నా ఒకే అంకె రాదు. నాటిన కొత్తలో వరి మడిలో నీరు నిలిచి ఉంటుంది కనుక అది మరొక లెక్క.

గడి పరిమాణం, అంటే ఉపగ్రహ చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద ఎంత మేరకు సమానమో అన్నది, మరో ముఖ్యాంశం. 2000 సంవత్సరం నుంచి నాసా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం ఇస్తున్న పత్ర వైశాల్య సూచికలో ఒక్కో గడి పక్కకు 500 మీటర్లు, అంటే యాభై అరవై ఎకరాలు. మన కమతాల్లో అంత మేర ఒకే పంట ఉండే చోట్లు అరుదు. ఒకే గడిలో వరి, చెరువు, ఊరు, నిమ్మతోట అన్నీ ఇమిడిపోయి వచ్చే సగటు వాటిలో దేనికీ చెందదు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల గడి పక్కకు 10 మీటర్లు. నెల్లూరు లెక్కన సుమారు 15 అంకణాలు. మడి స్థాయిలో మాట్లాడగలిగేది ఇటువంటి వాటితోనే. అయినా డెల్టాలో వరి నాట్లు పడి పెరిగే కాలం ఈశాన్య రుతుపవనాల కాలంతో కలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బు కమ్ముకుంటే వెలుతురు మీద ఆధారపడిన ఉపగ్రహానికి మడి కనిపించదు. రాడార్ తరంగాలు మబ్బును దాటి చూస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ మీద వెళ్లిన నిసార్ అనే రాడార్ ఉపగ్రహం, రెండు రాడార్ తరంగదైర్ఘ్యాలతో 12 రోజులకు ఒకసారి అదే చోటును చూసేలా రూపొందింది. అయితే రాడార్‌కు ఆకు పచ్చదనం తెలియదు, మొక్కలోని నీరు, కాండం, ఆకుల అమరిక తెలుస్తాయి. దాని నుంచి పత్ర వైశాల్య సూచికకు రావాలంటే నేల మీద దుబ్బులు కోసి కొలిచిన చేతి లెక్కలే మళ్లీ కావాలి.

అడవుల లెక్కలోనూ కప్పు, ఆకు కలగాపులగం అవుతుంటాయి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి రెండేళ్లకోసారి అన్నట్టుగా ఇస్తున్న నివేదికల్లో కప్పు 70 శాతం, ఆ పైన ఉంటే మిక్కిలి దట్టమైన అడవి, 40 నుంచి 70 దాకా మధ్యరకం, 10 నుంచి 40 దాకా పలుచని అడవి. ఇక్కడ గమనించవలసినవి రెండు. మొదటిది, ఇదంతా కప్పు, ఆకు పరిమాణం కాదు. రెండోది, హెక్టారుకు తగ్గని ఏ నేల మీదైనా చెట్ల కప్పు 10 శాతం దాటితే, ఆ నేల ఎవరిదైనా, ఆ చెట్లు ఏవైనా, అది అటవీ కప్పు కిందికే వస్తుంది. ప్రకాశం జిల్లాలో రైతులు కాగితపు గుజ్జు కోసం వేసే జామాయిల్, సుబాబుల్ తోటలూ ఇందులో చేరగలవు. కోతకొచ్చిన తోటను నరికితే అటవీ కప్పు తగ్గినట్టు, మోడు చిగురిస్తే పెరిగినట్టు అంకెలు కదులుతాయి. నల్లమలలో ఒక్క చెట్టూ కదలకపోయినా జిల్లా అంకె మారగలదు. నివేదికకు ఉపగ్రహ చిత్రాలను వానల తరువాత, అక్టోబరు నుంచి తీసుకోవడానికి కారణం కూడా ఇదే కోవలోది: ఆకు రాల్చే అడవిని మార్చిలో చూస్తే అది ఉన్నట్టే తోచదు. నివేదికను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, తాను కొలుస్తున్నది ఏమిటో అది స్పష్టంగానే చెబుతోంది. చదివే మనమే దాన్ని మరొకటిగా అర్థం చేసుకుంటున్నాం.

ఇక ఈ సూచికతో రైతుకు పనేమిటి? సాగునీటి లెక్కల్లో అది ఎప్పటి నుంచో దాగి ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ఇచ్చిన పద్ధతిలో ఏ పంట నీటి అవసరాన్నైనా 12 సెంటీమీటర్ల ఎత్తున్న ఊహాత్మక పచ్చికతో పోల్చి లెక్కిస్తారు. ఆ పచ్చిక పత్ర వైశాల్య సూచిక 2.88. అందులోనూ పైభాగంలో ఎండ తగిలే సగం ఆకే చురుకుగా నీటిని ఆవిరి చేస్తుందని తీసుకుంటారు. అయినా సూచిక 2.88 దాటి 6కు పోతే నీటి ఖర్చు రెట్టింపు కాదు, ఎందుకంటే నీటిని ఆవిరి చేసే ఎండ రెట్టింపు కాదు.

పొగాకులో ఆకే పంట కనుక లెక్క మరింత సూటిగా ఉంటుంది. మొక్కకు 0.35 చదరపు మీటర్ల నేల, 16 ఆకులు, ఆకు సగటున 45 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, ఆకార గుణకం (వరి ఆకుకు వాడిన 0.75 వంటిది) సుమారు 0.63 అనుకుంటే సూచిక 2.6 వస్తుంది. క్షీణతా గుణకం 0.7తో అది 84 శాతం వెలుతురును పట్టుకుంటుంది. కింది నుంచి ముదిరిన ఆకులను కోస్తూ పోయి మూడో వంతు తీసేసిన తరువాత కూడా 70 శాతం పట్టుకుంటుంది. పోయిన ఆకు 33 శాతం, పోయిన వెలుతురు మాత్రం మునుపటి దానిలో ఆరో వంతే. పైన మిగిలిన ఆకు బలపడుతూనే ఉండడానికి ఇదే ఆధారం.

వరిలో ఆకుముడత పురుగు వచ్చినప్పుడు ఇదే లెక్క పనికొస్తుంది. తెల్లబారిన ఆకులు కనబడగానే మందు డబ్బా అందుకోవడం సహజం, ఎందుకంటే కంటికి కనిపించేది ఆ తెలుపే. సూచిక 4.75 ఉన్న మడిలో, గుణకం 0.5 అనుకుంటే, పట్టుకునే వెలుతురు 90.7 శాతం. పురుగు ఐదో వంతు ఆకును గీకేసిందనుకుందాం, సూచిక 3.8కి దిగింది, పట్టుకునే వెలుతురు 85 శాతం. ఆకు 20 శాతం పోతే వెలుతురు 6 శాతమే పోయింది. నాటిన తొలి నెలలో అయితే మడిలో ఆకు తక్కువ కనుక అదే నష్టం వెలుతురులో పెద్దదిగా, సూచిక 1 దగ్గర 16 శాతంగా కనిపిస్తుంది. అయినా అప్పుడు పిలకలు వేస్తూ, వారానికో కొత్త ఆకు తీస్తూ ఉండే పైరు దాన్ని పూడ్చుకోగలదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులను, ఆకు తినే పురుగుల కోసం తొలి 40 రోజుల్లో మందు కొట్టవద్దని 1990ల్లో ప్రచారం చేసి ఒప్పించింది ఈ అవగాహన మీదే.

వెన్ను తీసిన తరువాత సంగతి వేరు. ఇక కొత్త ఆకు రాదు. గింజ పాలు పోసుకునేది ఎక్కువగా పోటాకు (వెన్నుకు కాస్త కింద ఉండే చిట్టచివరి ఆకు), దాని కింది ఒకటి రెండు ఆకులు తయారు చేసే ఆహారంతోనే. ఎండను మొదట పట్టుకునే పొర కూడా అవే. అందుచేత పురుగు అడుగు ఆకులను గీకితే మడి మొత్తం మీద 20 శాతం నష్టం అని వచ్చే అంకెకూ, పై ఆకులను గీకితే వచ్చే అదే 20 శాతానికీ పొంతన ఉండదు. ఆ దశలో మడిలో దిగి చూసేటప్పుడు దెబ్బతిన్న ఆకులన్నిటినీ కలిపి ఎంచకుండా, మడికి అడ్డంగా నడుస్తూ ముందే అనుకున్న అడుగులకు ఒక దుబ్బు చొప్పున పట్టుకుని, ప్రతి పిలకలోనూ పై మూడు ఆకులను విడిగా ఎంచి రాసుకోవాలి.